వాణిజ్య పుటకు వచ్చిన పరీక్ష

పత్రికలోని ధరల పట్టికను తప్పు పట్టగలవాడు రైతు. గుంటూరు యార్డులో మిరప క్వింటాలు ఇంత పలికినదని పత్రిక వ్రాసినచో, మరునాడు బస్తాలు వేసికొని యార్డుకు పోయినవాడు ఆ మాట నిజమో కాదో మధ్యాహ్నమునకే తేల్చుకొనును. నిజామాబాదు పసుపు, అనకాపల్లి బెల్లము, తాడేపల్లిగూడెము ఉల్లి, ఆదోని పత్తి - వీని ధరలు తెలుగు పత్రికలలో తరతరములుగా అచ్చగుచున్నవి. ఆ పట్టికకు ఆడంబరమైన శీర్షిక లేదు. పక్కన బొమ్మ లేదు. చిన్న అక్షరములలో పుట అడుగున ఒదిగియుండును. అయినను అంతటి నమ్మకము గల భాగము పత్రికలో మరియొకటి అరుదు. కారణము స్పష్టమే. చదువువాడే దానికి తనిఖీదారు. తప్పుధర వ్రాసిన విలేకరి మరునాడు యార్డులో తల యెత్తుకొని తిరుగలేడు.

కంపెనీ లెక్క అట్టిది కాదు. ఒక కంపెనీకి బ్యాంకులలో అయిదువేల కోట్ల రూపాయలున్నవని పత్రిక వ్రాసినచో, భీమవరములోని విశ్రాంత ఉపాధ్యాయుడు ఏ బ్యాంకుకు పోయి చూడగలడు? ఆ లెక్క సరియైనదేనని ఆడిటరు సంతకము చేయును. ఆడిటరు సంతకము చేసెనని కంపెనీ ప్రకటించును. కంపెనీ ప్రకటించెనని పత్రిక వ్రాయును. పత్రిక వ్రాసెనని పాఠకుడు నమ్మును. పట్టుకొని చూచినవాడు ఈ వరుసలో ఒక్కడైనను ఉండవలెను. లేనిచో అందరును ఒకరి మాట నొకరు అప్పగించుకొన్నవారే యగుదురు. తెలుగునాటి వాణిజ్య విలేఖనమునకు ఈ పరీక్ష 2009వ సంవత్సరమున వచ్చినది. ఆ పరీక్షకు కారణమైన సంస్థ పేరు సత్యం కంప్యూటర్ సర్వీసెస్.

వ్యాపారమునకును పత్రికకును తెలుగువారిలో బాంధవ్యము పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించెను. ఆ వ్యాపారపు రాబడియే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నిలిపినది. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో అది దినపత్రిక అయినది. తలనొప్పి మందు అమ్మిన సొమ్ముతో ఒక జాతికి పత్రిక నిచ్చిన మహనీయుని వంశమునకు చెందిన పత్రికారంగము వ్యాపారిని పగవానిగా చూడవలసిన పని లేదు. వ్యాపార ప్రకటన లేక దినపత్రిక బ్రదుకజాలదు కూడ. అయితే ఒక భేదమును మరువరాదు. అమృతాంజనము కొన్నవాడు నుదుటికి రాచుకొని దాని గుణమును తానే తెలిసికొనెను. షేరు కొన్నవానికి ఆ సదుపాయము లేదు. వానికి చేత నుండునది కాగితము. దాని గుణమును చెప్పవలసినది మరియొక కాగితము.

ఇక పుటల కూర్పు సంగతి. వార్త ఎచట నుండవలెను, ఎంత అక్షరములో నుండవలెను, దాని పక్కన ఏమి యుండవలెను అను నిర్ణయములకే పుటల కూర్పని పేరు. దీనిని అలంకారముగా భావించువారు పెక్కురు. చేతికూర్పు నాళ్లలో తెలుగు అచ్చుకు వందల రకముల అచ్చక్షరములు కావలసివచ్చెడివి. గుడి పైన, ఒత్తు క్రింద. పంక్తికిని పంక్తికిని నడుమ ఎడము విడువక తప్పదు. అట్టి కూర్పులో అంకెల పట్టిక కట్టుట కంపోజిటరుకు గొప్ప శ్రమ. 'లాభము ఇంత శాతము పెరిగినది' అని ఒక వాక్యముతో సరిపుచ్చుట సులభము. కంప్యూటరు కూర్పు వచ్చిన తరువాత ఆ కష్టము తీరెను. 1980ల చివరి నుండి జిల్లా పుటలు పెరిగెను. 2008 మార్చిలో వెలువడిన సాక్షి అన్ని పుటలను రంగులలో అచ్చువేయుచు వచ్చెను. 2009 నాటికి తెలుగు దినపత్రికకు బొమ్మకును పట్టికకును కొరత లేదు. రంగుకు కొరత లేదు. పట్టికలో ఏమి పెట్టవలెనను ప్రశ్న మాత్రము పాతదే.

సత్యం సంస్థ 1987లో హైదరాబాదులో పుట్టినది. 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కినది. 2008 నాటికి తనకు 53,000 మంది ఉద్యోగులున్నారని చెప్పుకొనుచుండెను. దాని అధిపతి బైర్రాజు రామలింగరాజు పశ్చిమగోదావరి జిల్లావాడు. ఆయన కుటుంబము 2001లో నెలకొల్పిన ఫౌండేషను పల్లెలలో వైద్యము, త్రాగునీరు, చదువు వంటి పనులు చేసెను. 2005 ఆగస్టులో హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు సేవకు వెనుక నిలిచినదియు ఆయనయే. అది కట్టుకథ కాదు. ఆ బండి వచ్చి ప్రాణము నిలిచినవారు ఊరూర నున్నారు. 2007లో ఆయనకు ఎర్నెస్ట్ అండ్ యంగ్ సంస్థ వారి ఉత్తమ పారిశ్రామికవేత్త బహుమతి వచ్చెను. 2008 సెప్టెంబరులో, కంపెనీ పరిపాలన చక్కగా నున్నదని మెచ్చి, సత్యం సంస్థకు 'గోల్డెన్ పీకాక్' బహుమతి నొసగిరి. అబ్బాయి సత్యంలో పనిచేయుచున్నాడనుట పెండ్లిచూపులలో ఒక యోగ్యతగా చెల్లిన దినములవి.

ఇట్టి సంస్థను గూర్చి వ్రాయునపుడు విలేకరి కలము సహజముగా మెత్తబడును. 'మనవాడు' అను మాటలో నున్న తీపి అట్టిది. ఆ తీపిని తెలుగు పత్రికల మీదనే మోపుట అన్యాయము. దేశమందలి ఆర్థిక పత్రికలు, బొంబాయి దళారులు, విదేశపు విశ్లేషకులు, బహుమతుల తీర్పరులు - అందరును ఆ లెక్కలను నమ్మినవారే. అయితే దూరమున నున్నవాని పొరపాటునకును దగ్గరనున్నవాని పొరపాటునకును తూకము ఒక్కటి కాదు. దూరపువానికి కాగితము తప్ప మరియొకటి కనబడదు. దగ్గరివానికి ఊరు కనబడును, భూమి కనబడును, మనుష్యులు కనబడుదురు. ప్రాంతీయ విలేఖనమునకు గల బలమెల్ల ఈ దగ్గరితనమే. ఆ దగ్గరితనమే మొగమాటముగా మారినచో బలము బలహీనత యగును.

ముందు గుర్తులు లేకపోలేదు. 2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్లు ఒక తీర్మానము చేసిరి. రామలింగరాజు కుమారుల ఆధ్వర్యమున నున్న మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అను రెండు సంస్థలను సత్యం కొనవలెనని దాని సారాంశము. వెల 160 కోట్ల డాలర్లు; అప్పటి మారకములో ఏడువేల కోట్ల రూపాయలకు పైమాట. కంప్యూటరు పనులు చేయు సంస్థ ఇండ్లు కట్టు సంస్థను, రహదారులు వేయు సంస్థను కొననేల అని పెట్టుబడిదారులు మండిపడిరి. న్యూయార్కులో షేరు సగమునకు పైగా పడిపోయెను. గంటల వ్యవధిలోనే ఆ తీర్మానమును వెనుకకు తీసికొనిరి.

ఇచట లిపికి సంబంధించిన చిన్న చిత్రమొకటి కలదు. రోమను లిపిలో సత్యం అను పేరునకు ఆరు అక్షరములు. ఆ ఆరింటిని చివరి నుండి మొదటికి చదివినచో మేటాస్ అగును. ఇంగ్లీషు పత్రిక చదువువాడు ఆ రెండు పేర్లను పక్కపక్కన చూచినంతనే ఇది ఒకే ఇంటి సరకని పోల్చుకొనగలడు. తెలుగు లిపిలో ఆ సౌకర్యము లేదు. 'సత్యం' అను మాటను ఎట్లు త్రిప్పినను 'మేటాస్' రాదు. ఒక లిపిలో బాహాటముగా నున్న బంధుత్వము మరియొక లిపిలోనికి వచ్చునప్పటికి మరుగుపడినది. కావున తెలుగు విలేకరి దానిని విడమరచి చెప్పవలెను. పేరును లిప్యంతరము చేసి ఊరకుండుట చాలదు. అనువాదమునకు అందని సమాచారమును అందించుటయే దేశభాషా పత్రికకు తొలి కర్తవ్యము.

ఆ తరువాత గుర్తులు వెంటవెంట వచ్చెను. ప్రపంచబ్యాంకు ఎనిమిదేండ్లపాటు సత్యం సంస్థకు పనులు ఇయ్యరాదని నిర్ణయించిన సంగతి డిసెంబరు 23న వెల్లడి యాయెను. నెల చివరి దినములలో స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి వెంట నొకరు రాజీనామా లిచ్చిరి. అధిపతి కుటుంబము తమ షేర్లను అప్పులకు కుదువ పెట్టినదని తెలియవచ్చెను. విడివిడిగా చూచిన నొక్కొక్కటి ఒక్కొక్క వార్త. ఒకే చోట, తేదీల వరుసలో పేర్చి చూచినచో అది వేరొక వార్త.

2009 జనవరి 7, బుధవారము. ఉదయము రామలింగరాజు లేఖ స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరెను. కొన్ని సంవత్సరములుగా లెక్కలను పెంచి చూపుచు వచ్చితిమని ఆయన ఒప్పుకొనెను. ఆ దినము సెన్సెక్స్ 749 పాయింట్లు పడిపోయెను. ముందునాడు సుమారు 179 రూపాయలున్న సత్యం షేరు సాయంకాలమునకు 39 రూపాయల 95 పైసలకు దిగెను. తెలుగు వార్తా ఛానెళ్లు ఆ లేఖను పగలెల్ల చదివి వినిపించినవి. రాత్రి పుట కట్టుటకు కూర్చున్న ఉపసంపాదకునికి ఇది పెద్ద చిక్కు. మరునాటి ఉదయమునకు వార్త తెలియని యిల్లు ఉండదు. పత్రిక ఇక ప్రకటింపవలసినది లేదు. విడమరచి చెప్పవలసినది మాత్రము కొండంత కలదు.

ఆ లేఖలో లోకమున కంతకు గుర్తుండిపోయినది పులిస్వారి ఉపమానము. ఎక్కినవాడు దిగుటెట్లో తెలియక పులి మీద సాగిపోవుచుండెనని దాని తాత్పర్యము. అది శీర్షికకు ఒదిగెడి మాట. సత్యం అను పేరు దానికి తోడయ్యెను. శ్లేషయందు ప్రీతి గల తెలుగు శీర్షికాకర్తకు అంతకంటె వాటమైన పేరు దొరకునా? సత్యము, అసత్యము, మిథ్య - ఈ మాటలు కలమునకు పిలువకయే వచ్చును. శ్లేష చెవికింపు, పాఠకుని నొక్క క్షణము నవ్వించును. కాని షేరు కొన్నవాని యింట ఆ దినము నవ్వునకు చోటు లేదు. వానికి కావలసినది లేఖలోని లెక్క. ఆ లెక్క నాలుగు పంక్తులలో తేలిపోవును.

2008 సెప్టెంబరు 30 నాటి పట్టికలో:
లేని నగదు, బ్యాంకు నిలువలు - 5,040 కోట్ల రూపాయలు
లేని వడ్డీ రాబడి - 376 కోట్లు
చూపక దాచిన అప్పు - 1,230 కోట్లు
పెంచి చూపిన రావలసిన బాకీలు - 490 కోట్లు
మొత్తము - 7,136 కోట్లు

దీనిని వాక్యములలో వ్రాసినచో పాఠకుడు రెండవ అంకె దగ్గర దారి తప్పును. వరుసగా పేర్చినచో చిల్లర కొట్టువాడును చదువుకొనగలడు. అతడు దినదినము వ్రాయు చిట్టా వంటిదే యిది. ఉన్నది, లేనిది, ఇయ్యవలసినది, రావలసినది - నాలుగు చోట్లను నాలుగు అబద్ధములు. పట్టికను పుట నడుమ పెట్టుటయా, లోపలి పుట మూలకు నెట్టుటయా అను నిర్ణయమే ఆ రాత్రి జరుగవలసిన పుటల కూర్పు. అందమునకు దానితో పని లేదు.

అంతటితో పని తీరదు. 5,040 కోట్లు అనునది ఎంత? కోటి రూపాయలనే కంటితో చూడని పాఠకునికి అయిదువేల కోట్లును యాభైవేల కోట్లును ఒక్కటే. కొలమానము నిచ్చినగాని అంకెకు ప్రాణము రాదు. ఆ సొమ్మును సంస్థ చెప్పుకొన్న 53,000 మంది ఉద్యోగులకు పంచినచో తలకు తొమ్మిదిన్నర లక్షల రూపాయలు వచ్చును. అంత సొమ్ము కాగితము మీద నుండి, పెట్టెలో లేకపోయెను. లాభము లెక్క ఇంతకంటె సులభము. ఆ త్రైమాసికములో రాబడి 2,700 కోట్లని చూపిరి. నిజమునకు 2,112 కోట్లు. నిర్వహణ లాభము 649 కోట్లని చూపిరి. నిజమునకు 61 కోట్లు. అనగా నూరు రూపాయల వ్యాపారము మీద ఇరువదినాలుగు రూపాయలు మిగిలెనని చెప్పినచోట నిజముగా మిగిలినవి మూడు రూపాయలు. ఏ పచారి కొట్టువానినైనను పిలిచి, నూటికి మూడు మిగులుచుండగా ఇరువదినాలుగని ఎన్నినాళ్లు చెప్పవచ్చునని యడిగిన, అతడు కుర్చీలో నుండి లేచి కూర్చుండును.

ఈ మోసమును పత్రిక ముందుగా పట్టుకొనగలిగి యుండెడిదా? దొంగ బిల్లులు, కల్పించిన డిపాజిట్టు రసీదులు కంపెనీ లోపల నుండెను. బ్యాంకులలో సొమ్మున్నదో లేదో బ్యాంకుల నుండియే నేరుగా రూఢిచేసికొనవలసిన ఆడిటర్లు ఆ పనిని సరిగా చేయలేదని తరువాత అమెరికా నియంత్రణ సంస్థ 2011లో నిర్ధారించెను. సంతకము చేయు అధికారమున్న ఆడిటరుకు కనబడని రసీదు విలేకరికి కనబడవలెననుట దురాశ. అయినను రెండు సంగతులు అందరి కన్నుల యెదుటనే యుండినవి.

మొదటిది అధిపతి కుటుంబపు వాటా. 2001లో కంపెనీలో సుమారు నాలుగవ వంతు వారిది. 2008 నాటికి అది నూటికి తొమ్మిదికంటె తక్కువకు దిగెను. ఈ అంకె రహస్యము కాదు. మూడు నెలలకొకసారి స్టాక్ ఎక్స్ఛేంజికి కంపెనీ తెలుపవలసినదే. ఏ త్రైమాసికమునకు ఆ త్రైమాసికముగా చూచినచో తగ్గుదల చిన్నది, వార్త కాదు. ఎనిమిదేండ్ల అంకెలను ఒక్క వరుసలో పేర్చినచో మెట్లు మెట్లుగా దిగుచున్న బొమ్మ కనబడును. దినదినము ఎదుగుచున్నదని చెప్పు కంపెనీలో దాని యజమాని వాటా దినదినము తరుగనేల? ఈ ప్రశ్న వేయుటకు రహస్యపు కాగితము అక్కరలేదు. ఒక అడుగు స్కేలు, ఒక పెన్సిలు చాలును. అంకెను అంకె పక్కన పెట్టుట అను చిన్నపని ఒక్కొక్కపుడు పెద్ద విలేఖనము కంటె మిన్న.

రెండవది భూమి. రాజు కుటుంబమువారు మూడువందలకు పైగా చిన్న కంపెనీల పేర వేలాది ఎకరములు కొన్నట్లు తరువాతి విచారణలలో బయటపడెను. భూమిని జేబులో దాచుటకు వీలు లేదు. అమ్మినవాడు ఒక ఊరివాడు. రిజిస్టరైనది ఒక సబ్‌రిజిస్ట్రారు కచేరీలో. సాక్షి సంతకము చేసినవాడు ఆ పక్క వీధివాడు. బొంబాయి విశ్లేషకుడు ఈ కచేరీ మెట్లు ఎక్కడు. ఎక్కగలవాడు మండల విలేకరి. వానికి గ్రామములో ఎవరి చేను ఎవరికి పోయినదో కాఫీ హోటలులోనే తెలియును. కంపెనీ లెక్కకును భూమి లెక్కకును లంకె ఎచటనైనను దొరకినచో అది ఈ మండల విలేకరి సంచిలో దొరకవలసినది.

దొరకకపోవుటకు కూర్పులోనే ఒక కారణము కలదు. జిల్లా పుటలు వచ్చిన తరువాత పాఠకునికి తన మండలపు వార్త దగ్గరయ్యెను; పొరుగు జిల్లా వార్త దూరమయ్యెను. రంగారెడ్డి జిల్లా పుటలో వచ్చిన భూమి వార్త పశ్చిమగోదావరి పాఠకుని కంటబడదు. పైగా వాణిజ్య పుట ఒక బల్ల మీద తయారగును, జిల్లా పుట మరియొక బల్ల మీద తయారగును. షేరు ధర మొదటి బల్లకు చేరును; చేను ధర రెండవ బల్లకు చేరును. ఈ రెండు కాగితములను ఒకే చేతిలో పట్టుకొని చూచువాడు కావలెను. అదే ప్రాంతీయ వాణిజ్య విలేఖనము. కంపెనీ పంపిన ప్రకటనను తెలుగు చేసి, అధిపతి ఛాయాచిత్రమును జతపరచుట దానికి మారుపేరు కాదు.

ఇదే కాలమున హైదరాబాదు మెట్రో రైలు సంగతి కూడ ఒక హెచ్చరికగా నిలిచినది. 2008లో మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వమునందలి కూటమికి ఆ పని దక్కెను. అట్టి పనులకు ప్రభుత్వమే కొంత సాయము చేయుట వాడుక కాగా, ఆ కూటమి ప్రభుత్వమునకే ముప్పదివేల కోట్లకు పైగా ఎదురిచ్చెదమని ముందుకు వచ్చినది. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ.శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘమునకు లేఖ వ్రాసి, ఆ పథకములో భూములకు గల ప్రాధాన్యమును గూర్చి హెచ్చరించెను. రాష్ట్ర ప్రభుత్వము ఆయన మీద ఆగ్రహించినది. 2009 జూలైలో ఆ ఒప్పందము రద్దయ్యెను. ఎదురు సొమ్మిచ్చి మరీ రైలు వేసెదనన్నవానికి రైలుమీద వచ్చునది యెంత, పట్టాల పక్కన వచ్చునది యెంత అని అడుగుట ఊరి పత్రిక పని. ఆ పట్టాలు పోవునది ఆ పత్రిక కార్యాలయము ముందు నుండియే కదా.

జనవరి గడచిన తరువాత పాఠకుని ప్రశ్నలు మారెను. 'ఈ నెల జీతము వచ్చునా?' 'అబ్బాయి ఉద్యోగము నిలుచునా?' 'షేర్లు అమ్ముకొందుమా, ఉంచుకొందుమా?' - ఇవి ఇండ్లలోని మాటలు. కేంద్రప్రభుత్వము జనవరి రెండవ వారమున పాత డైరెక్టర్ల మండలిని తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి.అచ్యుతన్ గార్లను, ఆ పైన మరి ముగ్గురిని నియమించెను. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున ఇచ్చి కంపెనీని కైవసము చేసికొనెను. సుమారు మూడు నెలలలో అంత పెద్ద నావ మునుగక ఒడ్డు చేరుట చిన్న సంగతి కాదు.

కాని ఆ సంవత్సరము వేరొక విధమున తెలుగునాటిని కుదిపినది. ఏప్రిల్‌లో ఎన్నికలు. సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదములో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి మృతి. అక్టోబరు మొదటి దినములలో కర్నూలును ముంచిన వరద. నవంబరు 29న కె.చంద్రశేఖరరావు నిరాహారదీక్ష, డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియను మొదలుపెట్టుదుమన్న కేంద్రప్రభుత్వ ప్రకటన, ఆ వెంటనే రెండు వైపుల ఉద్యమములు. దినపత్రిక మొదటి పుట ఒక్కటే. దాని వైశాల్యము పెరుగదు. వరదలో ఇల్లు కొట్టుకొనిపోయిన వాని వార్త ముందు షేరు ధర వార్త తల వంచుకొని లోపలికి పోవలసినదే, అది న్యాయమే. అయితే మొదటి పుటలో మొదలైన లెక్క లోపలి పుటలోనైనను ముగియవలెను. వాణిజ్య పుట ఉండవలసినది ఇందుకొరకే: ఉప్పెన వచ్చినను, ఎన్నిక వచ్చినను, ఒక లెక్కను కడవరకు వెంబడించు చోటు పత్రికలో ఒకటి యుండుట.

ప్రకటనల మాట తప్పించి పోరాదు. ఆ దశాబ్దమున హైదరాబాదు చుట్టునున్న స్థలముల అమ్మకపు ప్రకటనలు తెలుగు పత్రికల పుటలు పుటలుగా నిండినవి. స్థలము అమ్మువాని ప్రకటన మూడవ పుటలోను, స్థలముల వ్యవహారమును ప్రశ్నించు వార్త అయిదవ పుటలోను ఉండగలిగినచో అది ఆరోగ్యము గల పత్రిక. మూడవ పుట అయిదవ పుటను మ్రింగినచో పాఠకునికి నష్టము. కొంత కాలమునకు ప్రకటనదారునికిని నష్టమే. నమ్మకము లేని పత్రికలో ప్రకటన వేసికొని అతడు బావుకొనునదేమి? పంతులుగారి కాలమునందు అమృతాంజనమునకు పత్రిక వలన గౌరవము వచ్చెను; పత్రికకు అమృతాంజనము వలన బలము వచ్చెను. రెండును వేరువేరుగా నిలిచినందుననే ఒకదానికొకటి ఆదరువయ్యెను.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తీర్మానించి, ఏడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనగా ఆ మే నెలలో శిక్షను నిలిపి జామీనిచ్చిరి. న్యాయస్థానపు వార్త పెద్ద అక్షరములలో వచ్చుట సహజము. కాని అంతకు రెండేండ్ల ముందు, 2013 జూన్‌లో, సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయినపుడు, చిన్న షేరుదారుని కంత కంటె ముఖ్యమైన అంకె ఒకటి అమలులోనికి వచ్చినది. పాత కంపెనీ షేర్లు పదునేడింటికి కొత్త కంపెనీ షేర్లు రెండు. నూరు షేర్లు గలవానికి పదునొకండు నిండు షేర్లును, పైన ఒక తునకయు వచ్చును. పదునేడింటికి రెండన్న లెక్క విశ్రాంత ఉపాధ్యాయునికి పలకా బలపము లేక తేలదు. దానిని చేసి, 50 షేర్లకు ఇన్ని, 100 షేర్లకు ఇన్ని, 500 షేర్లకు ఇన్ని అని మూడు పంక్తుల పట్టికగా పుట అడుగున, మిరప ధర పక్కన, చిన్న అక్షరములలో అచ్చువేసిన పత్రిక ఏదైనను ఉన్నచో, ఆ దినము దాని పాఠకుడు ఆ ముక్కను కత్తిరించి పాసుపుస్తకములో దాచుకొని యుండును. వాణిజ్య పుటకు అంతకు మించిన బహుమతి లేదు.